దూరదర్శినికి అమరిన కెమేరా: గుంటూరు నుండి హైదరాబాదు దాకా

దూరదర్శినిలో చూచిన దృశ్యము చూచినవాని కంటితోనే పోవును. అతడు బొమ్మ గీసినను, అందులో ఆకాశమెంత, అతని ఊహ ఎంత అని విడదీయుట కష్టము. కొద్ది నిమిషములలో ముగియు సంపూర్ణ సూర్యగ్రహణమున ఈ చిక్కు మరీ ఎక్కువ. దూరదర్శినికి కెమేరాను అమర్చుట ఈ చిక్కును తీర్చినది. ఆ చరిత్రలో రెండు ఘట్టములు మన తెలుగునేలపై జరిగినవి.

1868 ఆగస్టు 18న చంద్రుని నీడ గుంటూరు, మచిలీపట్నముల మీదుగా సాగినది. పొందూరు వంటి ఉత్తర కోస్తా ఊళ్లలో గ్రహణము పాక్షికమే. గుంటూరులో మేజర్ జేమ్స్ టెన్నంట్ 9 అంగుళముల దర్పణము గల దూరదర్శినితో, కంటికి బదులు గాజుపలకలతో సిద్ధముగా నుండెను.

ఇట్టి ఏర్పాటులోని సూత్రము సులభము. అక్షికటకమును తీసివేసి, ప్రతిబింబము ఏర్పడు చోటనే పలకను ఉంచుదురు. సూర్యుని లేక చంద్రుని ప్రతిబింబపు వ్యాసము నాభ్యంతరములో సుమారు 110వ వంతు. అనగా, నాభ్యంతరము 1 మీటరైనచో బింబము 9 మిల్లీమీటర్లే.

సూత్రము సులభమైనను ఆనాటి పని కష్టము. పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. సంపూర్ణ గ్రహణము ఐదు నిమిషములకు పైగా నిలిచినది. పలుచని మబ్బు అడ్డుపడినను టెన్నంట్ బృందము ఆరు చిత్రములు తీసెను. సూర్యుని అంచున కొమ్మువలె లేచిన పెద్ద జ్వాల వాటిలో స్పష్టముగా పడినది. అదే గ్రహణమును జర్మనులు ఏడెనులోనూ చిత్రించిరి. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చు అవకాశము కలిగినది.

గ్రహణమున వెలుగు పుష్కలము. మసక నక్షత్రములకు పలకను నిమిషముల తరబడి తెరచి యుంచవలెను. ఈలోగా భూమి తిరుగుచునే యుండును! ఆ తిరుగుడుకు సరిగా దూరదర్శినిని నడుపు గడియారయంత్రము లేనిచో చుక్క గీతయగును.

1887లో పారిస్ లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమంతటినీ ఇట్లు చిత్రించుటకు పూనుకొనిరి. ఏ వేధశాల పలకపైనైనను 1 మిల్లీమీటరు ఒక నిమిష కోణమునకు సమానముగా నుండవలెనని కొలత. ఆ కొలతన, యంత్రము నిలిచిపోయినచో చుక్క సుమారు 4 సెకనులలో 1 మిల్లీమీటరు జరిగిపోవును. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల, తరువాత ప్రభుత్వపరమై, ఈ పనిలో చేరెను. 1914లో మొదలిడి, దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల పట్టీని, ఆపై ఉత్తరమున మరియొక పట్టీని చిత్రించెను. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు 12 సంపుటములలో వెలువడినవి.

ఇంత శ్రమకు ఫలమేమి? ఫలము చాల కాలమునకు వచ్చినది. హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను ఈ పాత పలకల కొలతలతో పోల్చి, 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రముల కదలికలను నిర్ణయించిరి. ఉపగ్రహము ఎంత సూక్ష్మముగా కొలిచినను, గడచిన కాలమును అది తిరిగి తేలేదు. ఆ కాలమును గాజుపలకలు దాచియుంచెను.

1969లో బోయల్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి.ని కనుగొన్న పిదప గాజుపలకల స్థానమును సిలికాను బిళ్ల ఆక్రమించినది. పలకపై పడిన వెలుగులో నూటికి కొద్ది వంతులే చిత్రమునకు పనికివచ్చుచుండగా, ఈ బిళ్ల అధికభాగమును పట్టుకొనును. నేడు పాఠశాలలోని చిన్న దూరదర్శినికి సైతము డిజిటల్ కెమేరాను అమర్చి చంద్రుని చిత్రించవచ్చును. సూర్యుని వైపు త్రిప్పునపుడు మాత్రము దూరదర్శిని ముందుభాగమున తగిన సౌర వడపోత తప్పక నుండవలెను.

ఉపాధ్యాయులు ఒక్క అలవాటు నేర్పవలెను. చిత్రముతోపాటు తేది, వేళ, ఊరు, పరికరపు కొలతలు వ్రాసియుంచవలెను. అవి లేనిచో అది అందమైన బొమ్మ మాత్రమే. ఉన్నచో నూరేండ్ల తరువాత ఎవరికో సాక్ష్యము.