సంతకం లేని సముద్రతీరం

బల్ల మీద పరిచిన బొమ్మకు సంతకం లేదు, తేదీ లేదు. ఎత్తు మూడడుగులు, వెడల్పు ఆరడుగులకు కాస్త తక్కువ. చిన్నా పెద్దా కాగితాలు ఇరవై దాకా ఏరి అతికించారు. అంతా నల్ల సిరా. గుళ్ల మీద మాత్రం పలచగా ఎరుపు.

నిపుణులు ఒంగి చూస్తున్న ఈ గది నా ఊహ. వాళ్ల ముందున్న ఆధారాలు మాత్రం నిజం.

నెల్లూరు తీరం మనిషికి ఈ బొమ్మ చూడగానే తెలిసిపోతుంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు లోపలికొచ్చిన ఉప్పునీరు, నడుమ ఇసుక దిబ్బ. బంగాళాఖాతానికీ ప్రళయకావేరి సరస్సుకీ మధ్య మన శ్రీహరికోట ఉన్నట్టే. కాకపోతే బొమ్మలోని ఈ దిబ్బ, జపాన్‌లోని అమనోహషిదాతె, నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. దాని మీదున్నవి పైన్ చెట్లు.

ఇంతకీ ఇది వేసిందెవరు? మొదటి పరీక్ష కుంచెకు. 1486లో సెష్షు అనే బౌద్ధ సన్యాసి పదహారు మీటర్ల పొడవున కొండలూ వాగులూ వేసిన కాగితపు చుట్ట ఉంది. దాని పక్కన పెట్టి చూస్తే చెయ్యి అదేననిపిస్తుంది. కానీ గురువు గీతను శిష్యులు దించేయగలరు. అందుకే పోలిక ఒక్కటే చాలదు.

భూతద్దం దిబ్బ కొసన ఆగింది. అక్కడ చియోన్‌జి గుడి, దాన్ని ఆనుకుని రెండంతస్తుల గోపురం. గోపురం లేచింది 1501లో. అంటే బొమ్మ అంతకు ముందుది కాదు. అద్దం ఇప్పుడు నీళ్లు దాటి అవతలి కొండెక్కింది. అక్కడ నరియాయిజి గుడి చెక్కుచెదరకుండా ఉంది. 1507 నాటి పోరులో అది తగలబడింది. అంటే బొమ్మ ఆ తర్వాతదీ కాదు. కట్టిన గోపురమొకటి, కాలిన గుడొకటి కలిసి ఆరేళ్ల సందులో బొమ్మను పట్టిచ్చాయి.

సెష్షు పుట్టింది 1420లో. ఎనభై దాటిన ముసలాయన తానుండే యమగుచి నుంచి వందల కిలోమీటర్లు దాటి ఆ ఒడ్డుకు వచ్చాడన్నమాట! పైగా బొమ్మలో కనిపించేంత ఎత్తు నుంచి ఆ తీరాన్ని చూడటానికి అక్కడ కొండే లేదు. కాళ్లతో తిరిగి చూసినదాన్ని మనసులో పైకెక్కి వేశాడు. ఎక్కడో నడిసముద్రంలో ఉన్న రెండు దీవుల్ని దగ్గరికి లాక్కొచ్చి కుడివైపు కింద పెట్టాడు. కొలతలు పట్టుకునేవాళ్లు దీన్ని తప్పంటారేమో. నాకైతే నకలు దించేవాడికి ఇంత చొరవ ఉండదనిపిస్తుంది.

మరి సంతకం ఏది? అతుకుల కాగితాలు చూసి, పెద్ద బొమ్మ కోసం వేసుకున్న చిత్తు ఇదని చాలామంది పండితులు తేల్చారు. చిత్తు మీద ఎవరు సంతకం పెడతారు?

ఆ చిత్తు ఇవాళ జపాన్ జాతీయ సంపద, క్యోటో జాతీయ మ్యూజియంలో ఉంది.

మీ ఇంట్లో పాత తీరం బొమ్మ ఏదైనా ఉంటే దయచేసి లామినేషన్ చేయించకండి, వెనక టేపు అంటించకండి. అందులో ఏ గుడి ఉంది, ఏ లైట్‌హౌస్ ఉంది, ఏది లేదు, ముందు అది చూడండి. నూరేళ్లు దాటిన బొమ్మను దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదని కూడా గుర్తుంచుకోండి.