కొడుకు కట్టిన ఊళ్లో ఒక ఆదివారం

తర్లుపాడు నుంచి హైదరాబాదుకు ఊరు చూడ్డానికి పోయేవాళ్లు తక్కువ, పనికి పోయేవాళ్లే ఎక్కువ. మార్కాపురం, కంభం, బేస్తవారిపేట, కొమరోలు... ఎటు తిరిగినా ఇదే కథ. వాన మొహం చాటేసి, బోరు ఎండిపోతే ఇంటికి తాళం వేసి రాత్రి బండి ఎక్కుతారు. అక్కడ బేల్దారి పని, సెంట్రింగ్ పని, లేదంటే తట్ట మోసే పని. ఈ గాథలోని కొడుకూ అట్లా పోయినవాడే. కూకట్‌పల్లి చుట్టుపక్కల అపార్టుమెంట్లకు ఏళ్ల తరబడి గోడలు కట్టాడు, ప్లాస్టరింగ్ చేశాడు. తల్లి అంతకుముందు మార్కాపురం దాటి పెద్ద ఊరేదీ ఎరగదు. వాళ్ల పేర్లు రాయడం లేదు.

2018 డిసెంబరు. పడమటి ప్రకాశం జిల్లాలో కరువు సంవత్సరం. పలకల ఫ్యాక్టరీలో పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న తల్లి, మనవళ్లను చూడాలని మార్కాపురం రోడ్డు స్టేషన్లో కాచిగూడ బండి ఎక్కింది. నల్లమల, నంద్యాల, డోన్, కర్నూలు అన్నీ చీకట్లోనే వెనక్కి పోయాయి. తెల్లవారి, 1916లో నిజాం కట్టించిన కాచిగూడ స్టేషన్లో దిగేసరికి కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఎదురుగా నిలబడి ఉన్నారు.

"సంచి ఇంత బరువుందేందమ్మా?"

"జొన్నరొట్టెలురా. పిల్లోళ్లకు చెనక్కాయల పొడి, గోంగూర పచ్చడి. రెండు సీసాల నీళ్లు."

"నీళ్లు గూడానా!"

"యాడ దొరుకుతయ్యో, ఎంత చెప్తారో."

ఫ్లోరైడ్ నీళ్ల నేల మీద బతికినవాళ్లకు ఆ జాగ్రత్త ఎవరూ నేర్పక్కర్లేదు. పడమటి ప్రకాశంలో తాగే నీళ్లు చాలా ఇళ్లలో డబ్బాల లెక్కన కొనుక్కునేవే.

గదికి పోయి స్నానం చేసి పడుకుందువు గానీ అన్నాడు కొడుకు. తల్లి ఒప్పుకోలేదు. "ముందు చార్మినార్ చూపియ్యి. మళ్లీ వస్తానో రానో."

కొడుకు తల దించుకున్నాడు. "నేనూ చూళ్లేదమ్మా."

"ఇన్నేళ్ల నుంచి ఈడే ఉండావు గదరా!"

"ఆదివారం వస్తే బట్టలు ఉతుక్కోవాల, సరుకులు తెచ్చుకోవాల. ఒళ్లు నొప్పులతో పడుకోవాల. ఇంక యాడికి పోతాం?"

తల్లి మారు మాట్లాడలేదు. కోడలే ముందుకొచ్చింది. "అత్తా, ఈ పొద్దు అందరం చూసొద్దాం పదండి. ఈయన్ను నమ్ముకుంటే మనం చూసినట్టే." అయిదుగురూ సిటీ బస్సెక్కారు.

చార్మినార్ దగ్గర దిగగానే ఇరానీ హోటల్లో చాయ్ తాగారు. ఆ చాయ్ చేసే తీరే వేరు. టీ పొడి డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో గంటల తరబడి సన్నటి సెగ మీద ఉంచుతారు. పాలను విడిగా చిక్కబడేదాకా కాస్తారు. కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. తల్లి సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగింది. ఉస్మానియా బిస్కెట్టు కొరికి, "తియ్యగుందా, ఉప్పగుందా ఇది?" అని మనవణ్ణి అడిగింది. రెండూ అన్నాడు వాడు. నిజమే, దాని రుచి ఆ రెంటి మధ్యే ఉంటుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ నాలుగు మీనార్ల కట్టడం లోపల మెట్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. తల్లి మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. పిల్లలు పరిగెత్తారు. కొడుకు మాత్రం గోడ దగ్గరే నిలబడిపోయాడు. అరచెయ్యి ఆనించి తడిమాడు. గచ్చులో పోసిన పూలను, తీగెలను, అంచులను వేలితో కొలిచాడు.

"ఏంది నాయనా చూస్తుండావు?"

"సిమెంటు లేదమ్మా ఇందులో. రాయీ సున్నమే. నాలుగు వందల ఏండ్ల పైన నిలబడింది. నేను పూసిన గోడలు కొన్ని నాలుగేండ్లకే బీటలిచ్చినయ్."

"నీ పనా, వాళ్లిచ్చిన సరుకా?"

"రెండు రోజుల పని ఒక్క రోజులో చెయ్యమంటే ఎట్టుంటదమ్మా. గోడకు కొన్నాళ్లు నీళ్లు పట్టాల గదా."

చార్మినార్ గురించి నేను చాలా చదివాను. ఒక బేల్దారి మేస్త్రీ దాన్ని చూసిన చూపు ఆ రాతల్లో నాకెక్కడా కనపడలేదు. మొదటిసారి చూసినవాడికి దాని ఎత్తు తోస్తుంది. ఇతనికి గోడలో ఎవరి చెయ్యి ఎంత ఓపిక పట్టిందో తోచింది.

లాడ్ బజారులో కోడలికి లక్క గాజులు కొనిపెట్టింది అత్త. బేరం ఆడింది కూడా తనే. అంగడి ఆయన ఉర్దూలో, ఈమె తెలుగులో మాట్లాడుకుంటూనే ధర కుదుర్చుకున్నారు.

మధ్యాహ్నం పిల్లలు బిర్యానీ కోసం మారాం చేశారు. మదీనా వైపు ఒక హోటల్లో కూర్చున్నారు. మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి మెత్తి దమ్ము పెట్టే వంట అది. "మెతుకు మెతుక్కీ అంటుకోలేదు, మంచిగుంది. కారమే చాల్లేదు," అని తీర్పు చెప్పింది తల్లి. పక్కన పెట్టిన మిర్చీ సాలన్ రుచి చూసి ఆమె మొహం విప్పారింది. "ఇందులో చెనక్కాయలు, నువ్వులు నూరిపోశారు. చింతపండు గూడా ఉంది. ఇది మన ఇంటి రుచే గదే!" అంది కోడలితో. ఆమె పోల్చుకున్నది అక్షరాలా సరే. సాలన్‌కు చిక్కదనం వచ్చేది వేరుశనగ, నువ్వుల ముద్దతోనే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం కిటకిటలాడుతున్నారు. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారిన మ్యూజియం అది. వీళ్లు వెళ్లేసరికి గంటల గడియారం ముందు అందరూ నేల మీద చతికిలబడి ఉన్నారు. మూడు కావస్తుండగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి బొమ్మ బయటికొచ్చింది. మూడు గంటలు కొట్టి లోపలికి పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తల్లి మెల్లగా అడిగింది: "ఆదివారం గూడా పనేనా ఈనకు?"

కొడుకు నవ్వాడు గానీ ఆమె నవ్వలేదు.

మేలిముసుగు రెబెక్కా ముందు ఈసారి ఆమే ఆగిపోయింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది. ముసుగు రాయే, మొహమూ రాయే. అయినా పలచటి గుడ్డలోంచి కళ్లు, ముక్కు కనపడుతున్నట్టే ఉంటుంది. వయసంతా పలకలు కోసిన మనిషి దాని చుట్టూ తిరిగి చూసింది. "మన పలకరాయిని ఇట్టా చెక్కబోతే పొరలు పొరలుగా లేచిపోద్ది. ఇది ఒకటే ముద్ద రాయి. అయినా చెయ్యి జారితే మొహం పోయేదే. ఎన్నాళ్లు ఊపిరి బిగబట్టి చెక్కినాడో మారాజు."

పొద్దు గూకే వేళకు టాంక్‌బండ్ చేరారు. హుస్సేన్‌సాగర్ చూసి ఆమె అడిగిన మొదటి మాట, "కంభం చెరువు కన్నా పెద్దదా?" అని. నిండినప్పుడు కంభం చెరువే పెద్దది. నీళ్లు తాగొచ్చా అని రెండో ప్రశ్న. తాగకూడదని కొడుకు చెప్పాక ఆమె సంచి విప్పింది. బల్ల మీద కూర్చుని అయిదుగురూ జొన్నరొట్టెల్లో పొడి నంజుకుని తిన్నారు. ఊరి నుంచి తెచ్చిన సీసా నీళ్లే తాగారు.

చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడి విగ్రహం కథ కొడుక్కు తెలుసు. రాయి పనివాళ్ల నోట విన్నాడు. భువనగిరి దగ్గర రాయగిరిలో గణపతి స్థపతి బృందం ఒకే రాయిలో చెక్కింది. 1990 మార్చిలో నీళ్ల మీద తరలిస్తుంటే జారి మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబరులో మళ్లీ పైకి తీసి నిలబెట్టారు. తల్లి దణ్ణం పెట్టుకుంది. బుద్ధుడికా, పోయినవాళ్లకా అని కోడలు అడిగితే "ఇద్దరికీ" అంది.

అప్పుడు చెప్పింది తన అసలు కోరిక. "అన్నీ చూపించావు. నువ్వు కట్టిందేదీ, అది చూడొద్దా నేను?"

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి కూకట్‌పల్లిలో దిగి, కొడుకు పనిచేసిన ఒక అపార్టుమెంటు దగ్గరికి నడిచారు. పనిచేసినన్నాళ్లు ఆ గేటులోంచి రోజూ తిరిగినవాడే కొడుకు. ఇప్పుడు సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఏ ఫ్లాటు?"

"ఫ్లాటు కాదన్నా. దీన్ని కట్టినవాళ్లలో నేనొకణ్ణి. మా అమ్మకు ఒకసారి చూపిద్దామని."

"లోపలికి ఫోన్ చేసి అడగాల. ఎవరి పేరు చెప్పమంటావు?"

చెప్పడానికి పేరు లేదు. గేటు దగ్గరి మనిషిని తప్పు పట్టలేం, అతని ఉద్యోగం అది. అయిదుగురూ రోడ్డు దాటి అవతలి పక్క నిలబడ్డారు. కొడుకు వేలు చూపించి అంతస్తులు లెక్కపెట్టాడు. "అదిగో, అయిదో అంతస్తులో లైటు ఎలుగుతున్న బాల్కనీ. ఆ గోడ నేను పూసిందే."

"నున్నగుందిరా," అంది తల్లి. మనవడు తన సెల్‌ఫోన్‌లో ఫొటో తీశాడు. మర్నాటి రాత్రి ఆమె తిరుగుబండి ఎక్కింది.

మన ఊళ్లలో గృహప్రవేశం నాడు మేస్త్రీకి బట్టలు పెట్టి, కుటుంబంతో సహా పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టడం ఇప్పటికీ ఉంది. అపార్టుమెంట్లలో ఆ మర్యాద పోయింది, ఎందుకంటే కట్టినవాళ్లెవరో కొన్నవాళ్లకు తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొత్త ఫ్లాటు తాళాలు తీసుకునే రోజున బిల్డరును ఆ పేర్లు అడగండి. గృహప్రవేశానికి వాళ్లను పిలవండి, వాళ్ల అమ్మానాన్నల్ని కూడా తీసుకురమ్మనండి. ఒక పూట భోజనం పెట్టి, ఇల్లంతా తిప్పి చూపించండి.