నీళ్ళు పడని చేపలు

కొత్త ఊరికి వెళ్ళి జబ్బుపడ్డవారిని చూసి "పాపం, ఆ ఊరి నీళ్ళు పడలేదు" అనడం మనకు అలవాటు. మనిషి విషయంలో ఈ మాట సగమే నిజం. అలవాటులేని తిండి, పట్టని నిద్ర, ఇంటిమీద బెంగ, అన్నిటి నేరాన్నీ నీటిమీదకు నెట్టేస్తాము. చేప విషయంలో మాత్రం ఇది అక్షరాలా నిజం. ఒక గాజుతొట్టిలో హాయిగా తిరుగుతున్న చేపను పక్కనే ఉన్న మరొక తొట్టిలోకి మారిస్తే, రెంటిలోని నీరూ ఒకేలా తేటగా కనబడుతున్నా, మర్నాటికి అది చచ్చి తేలవచ్చు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. అదీ ముక్కలు ముక్కలుగా దొరికింది. ఆ ముక్కల్లో చాలావాటిని వెదికినవారి మనసులో చేపల ఊసే లేదు. ఆ కథను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఇంట్లో గాజుతొట్టి పెట్టుకునే వేడుక పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో మొదలయింది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ సముద్రతీరం నుంచి కొన్ని పగడపు జీవులను లండన్‌కు తెచ్చింది. వాటిని బతికించడానికి ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి సముద్రపు నీటిని ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి తిరగబోస్తూ ఉండేది. నీటికి గాలి తగలాలన్నమాట. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త మరో దారి చూపించాడు. ఒక తొట్టిలో రెండు బంగారు చేపలను, కొన్ని నీటిమొక్కలను, కుళ్ళిన ఆకులను తినడానికి కొన్ని నత్తలను ఉంచాడు. మొక్కలు ప్రాణవాయువునిస్తాయి, చేపలు మొక్కలకు ఎరువునిస్తాయి, నత్తలు పాకీపని చేస్తాయి; నీరు మార్చనక్కరలేదు. ఆ లెక్క అందంగా ఉంది. అయితే ఆ లెక్క అంతా గాలిదీ తిండిదీను. నీటిలో కరిగి ఉన్న ఉప్పుల ప్రసక్తి అందులో లేదు.

ఆ ప్రసక్తి సముద్రపు జీవుల వల్ల వచ్చింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. లండన్‌కు సముద్రపు నీటిని మోయించడం ఖర్చుతో కూడిన పని. అందుచేత ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో నాలుగే నాలుగు ఉప్పులతో కృత్రిమ సముద్రజలాన్ని తయారుచేసే పద్ధతిని ప్రకటించాడు. నీరంటే ఒక వస్తువు కాదు, ఒక వంటకం అని చేపలు పెంచేవారికి మొదటిసారి తెలిసినది అప్పుడేనని నాకనిపిస్తుంది. కాని ఈ తెలివి ఉప్పునీటి దగ్గరే ఆగిపోయింది. మంచినీటి చేపలకు మంచినీరు చాలుననే అనుకున్నారు.

మంచినీళ్ళన్నీ ఒకటి కావని మన ఇళ్ళలో వంట చేసేవారికి ఎప్పుడూ తెలుసు. "ఈ బావినీళ్ళలో పప్పు ఉడకదు" అని వాళ్ళు తేల్చిచెప్పేది కాల్షియం, మెగ్నీషియం లవణాల గురించే. చాకిరేవులో సబ్బు నురగ రాకపోయినా కారణం అదే. ఆ సబ్బునే కొలబద్దగా మార్చినవాడు స్కాట్లండ్‌కు చెందిన థామస్ క్లార్క్ అనే ఆచార్యుడు. ఎంత సబ్బు కలిపితే నురగ నిలుస్తుందో చూసి నీటి కాఠిన్యాన్ని అంకెలలో చెప్పాడు. కఠినజలాన్ని సున్నంతో మెత్తబరిచే పద్ధతికి 1841లో పేటెంటు తీసుకున్నాడు. నగరాల నీటిసరఫరా, బట్టల ఉతుకు, ఆవిరి బాయిలర్లలో పేరుకునే గార: ఇవీ ఆనాటి చింతలు. చేప మాట ఎవరికీ తట్టలేదు.

రెండో కొలబద్ద బీరు సారాయి పుణ్యమా అని వచ్చింది. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న సోరెన్‌సెన్ 1909లో ఆమ్ల క్షార గుణాలను కొలిచే పీహెచ్ అనే కొలతను ప్రవేశపెట్టాడు. అందులో ఏడు అంటే తటస్థం. అంతకు దిగితే ఆమ్లం, ఎక్కితే క్షారం. ఈ నిచ్చెనలో ఒక్కొక్క మెట్టు పదిరెట్లని మరచిపోకూడదు. ఆరు నుంచి ఎనిమిదికి మారిన చేప రెండు మెట్లు ఎక్కలేదు, నూరురెట్ల తేడాలోకి దూకింది.

ఈ రెండు కొలతలూ చేపల తొట్టెల దగ్గరకు వచ్చాక అనేక చిక్కుముడులు విడిపోయాయి. నియాన్ టెట్రా కథ అందుకు ఒక ఉదాహరణ. నీలి గీత మెరిసే ఆ చిన్ని అమెజాన్ చేపకు 1936లో శాస్త్రీయనామం పెట్టారు. అది చూస్తుండగానే ప్రపంచమంతటా ఇళ్ళలోకి వచ్చేసింది. కాని దాని పుట్టిల్లు దాదాపు వాననీటివంటి మెత్తని, ఆమ్లగుణం గల నీరు. ఊరి కొళాయినీటిలో అది బతకగలిగినా, కఠినజలంలో దాని గుడ్లు సరిగా ఎదగవు. చేప రంగును చూసి కొన్నవారికి దాని నీటి సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇంతకీ నీరు మారితే చేప లోపల ఏం జరుగుతుంది? దీనికి జవాబు 1930ల నాటిది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటకన్న ఎక్కువ. అందుచేత ద్రవాభిసరణ వల్ల నీరు ఎడతెరిపి లేకుండా లోపలికి చొరబడుతూ ఉంటుంది. చేప దానిని మూత్రంగా తోడిపోస్తూనే ఉండాలి. సముద్రపు చేపది తలకిందుల కష్టం: చుట్టూ అంత నీరున్నా ఒళ్ళు ఎండిపోతూ ఉంటుంది. అది సముద్రపు నీటిని తాగి దాహం తీర్చుకుంటుందని హోమర్ స్మిత్ 1930లో చూపించాడు. తాగిన ఉప్పును మొప్పలు బయటకు నెడతాయని ఆన్సెల్ కీస్ ఈల్ చేప మొప్పలతో ఆ మరుసటి ఏడే నిరూపించాడు. మంచినీటి చేపల మొప్పలు ఇందుకు విరుద్ధంగా పలుచని నీటిలోంచి ఉప్పును లోపలికి లాక్కుంటాయని ఆగస్ట్ క్రోగ్ ఆ దశాబ్దం చివరకు తేల్చాడు. మనకు నీరు తాగే వస్తువు. చేపకు అది ఒంటికి ఆనుకున్న సగం శరీరం.

ఈ రెండు లోకాల మధ్య గడప దాటగల చేప మనకు బాగా తెలిసినదే. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. నీరు మారితే పేరే మారిపోయింది! అయితే ఆ చేప సముద్రంలోంచి నదిలోకి ఒక్క ఉదుటున దూకదు. అంతర్వేది వంటి సంగమాల దగ్గర ఉప్పునీరూ మంచినీరూ కలిసే మేరలో మెల్లగా ముందుకు సాగుతుంది. మొప్పలు తమ పని తీరును తిరగవేసుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ప్రకృతి ఆ వ్యవధినిచ్చింది. గాజుతొట్టి ఇవ్వదు, అది మనిషి ఇవ్వవలసిందే.

మనిషి ఇస్తున్నాననుకుని ఇవ్వని సందర్భం ఒకటుంది. కొట్టునుంచి తెచ్చిన సంచిని అరగంట తొట్టినీటిలో తేలవేసి, ఆపైన చేపను వదలమని అందరూ చెబుతారు. ఆ అరగంటలో సమానమయ్యేది వేడి మాత్రమే. ప్లాస్టిక్‌ను దాటి ఉప్పూ రాదు, ఆమ్లమూ పోదు.

దూరప్రయాణం చేసిన సంచిలో మరొక గండం పొంచి ఉంటుంది. పూర్వం చేపలను మూత సందుల్లోంచి గాలి ఆడే రేకుడబ్బాల్లో పంపేవారు. ఆ తరువాత ప్రాణవాయువు నింపి బిగించికట్టిన పాలిథీన్ సంచులు వచ్చాయి. అందులో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు పోయే దారిలేక నీటిలో కరిగి ఆమ్లగుణాన్ని పెంచుతుంది. చేప విసర్జించిన అమ్మోనియా కూడా పేరుకుంటుంది; కాని ఆమ్లనీటిలో అది అంతగా హాని చెయ్యని అమ్మోనియం రూపంలో అణగి ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియం విషంగా మారుతుంది. ఇరవై అయిదు డిగ్రీల వేడిలో, పీహెచ్ ఏడు దగ్గర విషరూపం నూటికి అరపాలు. ఎనిమిది దగ్గర అయిదు పాళ్ళు దాటుతుంది. ఆ పాతనీటిలోకే కొత్తనీటిని గంటలతరబడి చుక్కచుక్కగా కలుపుతూ కూర్చుంటే, ఓర్పు కూడా అపకారమే అవుతుంది. గంటకిందట పక్కవీధిలో కొన్న చేపను మెల్లగా మార్చాలి. రెండురోజులు సంచిలో మగ్గిన చేపకు ముందే సరిపోలిన నీరు సిద్ధంచేసి, సంచి విప్పిన వెంటనే మార్చాలి. రెంటికీ ఒకే మంత్రం పనికిరాదు.

ఇది పిల్లల వినోదానికి సంబంధించిన సంగతి అనుకుంటే పొరపాటు. మన కోస్తాలో రొయ్యల చెరువులు తవ్విన రైతులందరికీ ఇది బతుకుతెరువు. సముద్రపు నీరు వెయ్యికి సుమారు 35 పాళ్ళ ఉప్పు. చెరువులో చాలాచోట్ల అంతకన్న ఎంతో తక్కువ. అందుచేత హేచరీలోనే సీడును చెరువు ఉప్పుదనానికి దించి పంపమని రైతు ముందే చెబుతాడు. సంచులు వచ్చాక చెరువులో తేలవేసి, చెరువునీటిని కొంచెం కొంచెంగా కలిపి, అప్పుడు వదులుతాడు. క్లార్క్, సోరెన్‌సెన్, క్రోగ్ వంటివారి పేర్లు అతనికి తెలియకపోవచ్చు. వాళ్ళ ఫలితాల మీదనే అతని పెట్టుబడి తేలుతూ ఉంటుంది.

ఈ చరిత్రలో నన్ను ఆకర్షించినది ఒక్కటే. కంటికి కనబడే తేటదనాన్ని నమ్మినంతకాలం చేపలు చనిపోతూనే వచ్చాయి. సబ్బునురగనూ బీరు పులుపునూ కొలవడానికి పుట్టిన పద్ధతులు వచ్చి చెప్పేదాకా, ఆ చావులకు కారణం మొప్పలకు తెలుసు, మనకు తెలియదు.