రూములో పొయ్యి: చేసుకున్నదా, కొన్నదా?

అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి ఇప్పుడు ఇండక్షన్ ఉంది. ఇండక్షన్, గ్యాస్ రాకముందు ఏముండేవి?

ఒకటి, మనమే చేసుకునే పొట్టు పొయ్యి. పాత డబ్బా కింద పక్కన బొక్క పెట్టి అందులో కర్ర, మధ్యలో సీసా నిలబెట్టాలి. చుట్టూ రంపం పొట్టు దట్టించి రెండూ లాగేస్తే పొయ్యి రెడీ. ఖర్చు తక్కువే, కానీ పొగ!

రెండోది, కొనుక్కునే పంపు స్టవ్వు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ దీనికి తాత. పంపు కొడితే గాసునూనె వేడి గొట్టంలో ఆవిరై నీలిమంటగా మండుతుంది. 1911లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి తీసుకెళ్లింది ప్రైమస్‌నే. కాకపోతే రంధ్రం మూసుకుపోతే పిన్నుతో పొడవాలి, ప్రెషర్ మితిమీరితే పేలొచ్చు.

ట్రెక్‌కి వెళ్తే రెండింట్లో ఏదైనా ఆరుబయటే వెలిగించండి. తలుపులేసిన రూములో మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.