ఎడమ కాలి చరిత్ర

చరిత్ర అంటే మన పిల్లలకు గోలకొండ కోట, కుతుబ్‌షాహీ సుల్తానులు, పరీక్షలో అడిగే తేదీలు. లారీ డ్రైవరు ఎడమ కాలికీ ఒక చరిత్ర గలదంటే నవ్వుతారు. కాని మన సంఘంలో స్టీరింగు పట్టి హలాల్ రోజీ సంపాదించేవారు, షెడ్డులో రెంచి పట్టి ఇల్లు నడిపేవారు ఎందరో ఉన్నారు. వారి పనికి సంబంధించిన చరిత్ర కూడా ఈ సంచికలో ఉండాలని మా ఉద్దేశం.

రైలు గేటు పడితే లారీ ఆగుతుంది. కొందరు ఫస్టు గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కిపట్టి కూర్చుంటారు. కొందరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలు తీసేస్తారు. ఈ రెండు అలవాట్లు ఎక్కడివి?

1890ల్లో ఫ్రాన్సు దేశపు ఎమిల్ లెవస్సోర్ పళ్ళచక్రాలు పక్కకు జరిగి ఒకదానితో ఒకటి కలిసే గేరుబాక్సును కార్లలో వాడాడు. మొరటుదే గాని పనిచేస్తుంది అని ఆయనే అన్నాడని చెప్పుకుంటారు. ఆ మొరటుతనం చాలాకాలం పోలేదు. పళ్ళచక్రాల వేగాలను తానే సరిచేసే సింక్రోమెష్ 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు వచ్చింది. బరువు బండ్ల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మన హైదరాబాదులో నిజాం స్టేట్ రైల్వేవారు 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు అవి. ఆ కాలపు బరువు బండ్లలో గేరు మార్చాలంటే డబుల్ క్లచ్ చేయాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, కాలు వదలాలి, మళ్ళీ తొక్కి గేరు వేయాలి. లెక్క తప్పితే కర్రుమని బండంతా అరిచేది, వెనక ఉస్తాద్ కూడా అరిచేవాడు!

ఆగిన బండికి ఇంకో చిక్కు ఉండేది. న్యూట్రల్‌లో కాలు తీస్తే గేరుబాక్సు లోపలి చక్రాలు ఇంజనుతో పాటు తిరుగుతుంటాయి. మళ్ళీ క్లచ్ తొక్కినా వెంటనే ఆగవు. అవి నెమ్మదించే దాకా ఓపిక పట్టాలి. వెనకవాడు హారన్ కొడుతుంటే ఓపిక ఎక్కడిది? అందుకే కొందరు గేరు తీయకుండా తొక్కిపట్టడం నేర్చారని మా అభిప్రాయం. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీలు మొదలయ్యాయి. 1955లో మద్రాసు దగ్గరి ఎన్నూరు కంపెనీకి అశోక్ లేలాండ్ అని పేరు వచ్చింది. తర్వాత్తర్వాత గేరుబాక్సులు మారాయి. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు దిగిన అలవాటు మాత్రం అంత తొందరగా మారలేదు.

దాని ఖర్చు ఎంతో చూద్దాం. క్లచ్ తొక్కినంతసేపూ ప్రెషర్ ప్లేటు స్ప్రింగుల బలమంతా క్లచ్ బేరింగు మీద పడుతుంది. ఆ తోపు క్రాంక్ షాఫ్టు థ్రస్టు వాషర్ల దాకా పోతుంది. పూర్తిగా తొక్కితే ప్లేటు అరగదు, నిజమే. కాని బేరింగు అరుగుతుంది. బేరింగు చిన్నదే, దాన్ని మార్చాలంటే గేరుబాక్సు దించాలి. ఆ రోజు బాడుగ పోయినట్టే. ఎత్తు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెడితే ప్లేటే జారి, వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. కొన్నిచోట్ల యజమాని ఆ డబ్బు డ్రైవరు జీతంలో కోస్తాడు. ఇంట్లో రేషను తగ్గేది అక్కడే.

డబ్బు కంటే పెద్ద భయం ఒకటుంది. కాలు జారినా, క్లచ్ లింకు తెగినా గేరులో ఉన్న లారీ ముందుకు దూకుతుంది. ఆ సమయంలో బండి ముందు నుంచి దాటేది బడిపిల్లలు కావచ్చు.

ఆగినప్పుడు న్యూట్రల్ మంచిదన్నాం కదా అని ఘాట్ దిగేటప్పుడు డీజిల్ ఆదా కోసం న్యూట్రల్ చేయరాదు సుమా! ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పనిచేయకుండా పోతాయి.

షెడ్డు పిల్లల సంగతి కూడా చెప్పాలి. పాత క్లచ్ ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండేది. గేరుబాక్సు దించగానే ఆ దుమ్మును గాలిగొట్టంతో ఊదేవారు. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళు గడిచాక జబ్బు చేస్తుంది, కాన్సరూ రావచ్చు. ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని ప్లేట్లు దొరుకుతున్నాయి. ప్లేటు కొనేటప్పుడు అడిగి తీసుకోండి. పాతవి విప్పినప్పుడు ఊదకుండా తడిగుడ్డతో తుడవమని మీ పిల్లలకు ఈరోజే చెప్పండి.