కథాపాత్రలు – బాలల వివేకము

కథ వినని బాలుడు లేడు. కాని కథలోని మనుష్యుని గుఱుతుపట్టగల బాలుడు అరుదు. ఈ విద్య మనకు క్రొత్తది కాదు. అచ్చుపుస్తకములు పల్లెలకు రాకమునుపే, భారతము చెప్పు పౌరాణికుడు పద్యము చదివి ఊరకుండెడివాడు కాడు. కర్ణుడు దాతయయ్యు దుర్యోధనుని పక్షమేల విడువడాయెనో సభవారికి అర్థము విప్పి చెప్పెడివాడు. పెద్దల నడుమ కూర్చున్న పిల్లలు గుణదోషములు రెండును ఒక్కనియందే యుండుననుట ఎఱిగెడివారు.

1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడెను. మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగముల ఆ వచనగ్రంథము తరతరములు బడులలో పాఠ్యమైనది. అందు వలలో చిక్కిన చిత్రగ్రీవుడు, తన బంధములకంటె ముందు తన పరివారము బంధములు కొఱుకుమని హిరణ్యకుని వేడును. అతని మనసు తెలియుటకు ఆ ఒక్క మాట చాలును. దమనకుడట్లు కాడు. సింహముకడ నొక మాట, వృషభముకడ వేఱొక మాట పలికి, చెలిమి చెఱచి, సంజీవకుని చావునకు కారకుడగును. వాని పలుకులన్నియు హితోక్తులవలెనే యుండును! పలుకును పనిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని వాడు దొరకడు.

అయితే పెక్కు బడులలో జరిగినదేమి? ప్రతిపదార్థము, సంధి, సమాసము వల్లించుటతో పాఠము ముగిసెను. దమనకశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పిన బాలుడు దమనకుని కపటము చెప్పలేకపోయెను. వ్యాకరణము వలదని నా భావము కాదు, అది వాకిలివంటిది. వాకిటనే నిలిచినవానికి ఇల్లు తెలియదు.

1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖర చరిత్రమును తమ వివేకవర్ధనిలో ప్రకటింప మొదలిడిరి. ధవళేశ్వరపు రాజశేఖరుడు దాత, సజ్జనుడు. కాని పొగడ్తలకు లొంగును, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి మోసపోవును. ఇతడు మంచివాడా, తెలివిమాలినవాడా యని అడిగిన బాలుడు తడబడును. ఆ తడబాటే నిజమైన చదువునకు ఆరంభము.

పెద్దలారా! సాయంకాలమున మీ మనుమడో మనుమరాలో కథ చదువునప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: ఇతడేమనెను? ఏమి చేసెను? అందువలన లాభమెవరికి? సమాధానము మీరు చెప్పకుడు. కథలోని వాక్యమును చూపుమనుడు. రేపు ఆ బిడ్డ పెద్దయై, పత్రముమీద వ్రాలు చేయుమని తీయగా పలుకువాని యెదుట నిలువవలసి వచ్చును. అప్పుడు ప్రక్కన మీరుందురో లేదో; దమనకుని ఎఱిగిన బుద్ధి మాత్రము ఆ బిడ్డకు తోడుండును.