డాక్టర్ తరఫున నల్లకోటు

డాక్టర్ల తరఫున వాదించే లాయర్ అంటే రోగికి శత్రువని చాలామంది అనుకుంటారు. ఇన్నేళ్ల తీర్పులను వరసగా చదివితే ఆ మాట నిలవదు. ఒకప్పుడు ఈ వాదన భారమంతా తోటి డాక్టర్ల సాక్ష్యం మీదే ఉండేది. ఇప్పుడది కేస్ షీటు మీద, రోగి ఇచ్చిన అంగీకారం మీద ఉంది. ఈ మార్పు రోగికీ మేలే చేసింది.

మొదటి ఆయుధం ఇంగ్లండు నుంచి వచ్చింది. ఒక మానసిక రోగికి కండరాలను సడలించే మందు ఇవ్వకుండా షాక్ చికిత్స చేస్తే ఎముకలు విరిగాయి. ఆ మందు తప్పనిసరా కాదా అన్నదానిపై అప్పటి వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. బాధ్యత గల వైద్యుల్లో ఒక వర్గం ఒప్పుకునే పద్ధతిని పాటిస్తే అది నిర్లక్ష్యం కాదని 1957లో ఈ బోలమ్ కేసులో న్యాయమూర్తి మెక్‌నేర్ జ్యూరీకి చెప్పారు. ఆస్పత్రి గెలిచింది. అప్పటి నుంచి, డాక్టరుకు మద్దతుగా మరో డాక్టరును బోనెక్కించడమే లాయర్ మొదటి పనయింది.

మన దేశంలో చాలాకాలం ఇలాంటి కేసులే అరుదు. కాలు విరిగిన కుర్రాడికి తగిన మత్తు ఇవ్వకుండా ఎముక సరిచేయబోతే ప్రాణం పోయిన కేసులో, పుణె డాక్టరుదే తప్పని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రికి దక్కిన పరిహారం 3,000 రూపాయలు.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంతో పరిస్థితి మారింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా ఈ చట్టం కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సివిల్ కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే ఓపిక లేని కుటుంబాలకు వినియోగదారుల ఫోరం తలుపులు తెరుచుకున్నాయి. డాక్టర్ల లాయర్లకు చేతినిండా పని దొరికింది.

క్రిమినల్ కేసుల్లో 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు వారికి పెద్ద అండ. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరు నేరస్థుడవుతాడని, పోలీసులు ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని, మామూలు కేసుల్లో లాగా వెంటనే అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

పరిహారం కేసుల్లో మాత్రం గాలి ఎదురు తిరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో ఒక యువకుడి ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. అంగీకారం తీసుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికి. తీసేసింది మొత్తం కణితిని. అది వెన్నెముక దగ్గర ఉన్నా న్యూరోసర్జన్‌ను వెంట పెట్టుకోలేదు. నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ రోగి తన కేసు తానే వాదించుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. నిర్లక్ష్యం ఉందని రోగి ప్రాథమికంగా చూపించగలిగితే, జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేయాల్సింది ఆస్పత్రేనని కూడా ఆ తీర్పు చెప్పింది.

మరుసటి ఏడు తేలిన కేసూ హైదరాబాద్‌దే. చలిజ్వరంతో వచ్చిన మహిళకు ఒక ప్రైవేటు ఆస్పత్రి టైఫాయిడ్ మందులు వాడింది. ఆమె భర్త మలేరియా విభాగంలో ఉద్యోగి. ఆమెకు ఉన్నది మలేరియాయేనని మరో ఆస్పత్రికి తీసుకెళ్లాక తేలింది; ప్రాణం దక్కలేదు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని ఈ తీర్పులో కోర్టు చెప్పింది. పాత ఆయుధం పదును తగ్గింది.

అందుకే నేడు మంచి డిఫెన్స్ లాయర్ మొదట అడిగేది కేస్ షీటే. ఏ పరీక్ష ఎప్పుడు చేశారు, ప్రమాదాల గురించి ఎవరు చెప్పారు, సంతకం దేనికి తీసుకున్నారు? రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. తర్వాత దిద్దిన కేస్ షీటు డాక్టరును కాపాడదు, ముంచుతుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, నిర్లక్ష్యంతో ప్రాణం పోయిన కేసుల్లో మిగతావారికి ఐదేళ్ల వరకు జైలు పెట్టినా, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టర్లకు రెండేళ్ల దగ్గరే ఆపింది. ఆ వెసులుబాటుకు తగ్గ జవాబుదారీతనం కూడా వారికి ఉండాలి. నిజాయితీగా వైద్యం చేసిన డాక్టరుకు గట్టి రక్షణ కావాలి. రోగికి అర్థమయ్యేలా చెప్పి, చేసింది చేసినట్టు రాయమని డాక్టరుకు ముందే నేర్పే లాయరే ఆ రక్షణ ఇవ్వగలడు.